సంక్రాంతికి రెండు రోజుల ఎర్రబంతి మ్యాచ్ పెడితే చూడ్డానికి వస్తారా?

వంశధార_ఒడ్డు (గుణుపురం)

అందరికీ నమస్కారం. ఏటా సంక్రాంతికి మా ఊరి మైదానంలో టెన్నిస్ బాల్ టోర్నమెంటు జరుగుతుంది. ఎనిమిదేసి ఓవర్ల మ్యాచ్‌లు, రాత్రి లైట్లు, మైకులో కాసేపు ఒడియా, కాసేపు తెలుగు. పర్లాకిమిడి, కాశీనగర్, పాతపట్నం నుంచి జట్లు వస్తాయి. ఇసక వేస్తే రాలనంత జనం. అది అలాగే జరగాలి, అందులో మార్పేమీ కోరడం లేదు. దానికి తోడు ముక్కనుమ మర్నాటి నుంచి రెండు రోజులు ఎర్ర లెదర్ బాల్‌తో, టెస్టుల్లో లాగా తెల్ల బట్టల్లో, జట్టుకు రెండేసి ఇన్నింగ్స్‌ల మ్యాచ్ ఒకటి పెడదామని కమిటీలో అడిగాను. "రెండు రోజులు ఎండలో కూర్చుని ఎవరు చూస్తారు? టీ అమ్మేవాడు కూడా రాడు" అన్నారు.

నాకు అలా అనిపించడం లేదు. 2025 ఆగస్టు 4న ఓవల్ టెస్టు చివరి రోజు మా బజార్లో ఏ బడ్డీ దగ్గర చూసినా ఫోన్లో అదే మ్యాచ్. ఇంగ్లండ్‌కు 35 పరుగులు కావాలి, మనకు నాలుగు వికెట్లు. సిరాజ్ ఆఖరి వికెట్ తీసి ఆరు పరుగుల తేడాతో గెలిపించినప్పుడు అరిచిన అరుపులు ఐపీఎల్ ఫైనల్‌కి కూడా వినలేదు. అంటే టెస్టు అభిమానులు మన మధ్యే ఉన్నారు కదా? లేక ఆఖరి గంటకు మాత్రమే అభిమానులమా? మన సరిహద్దు ఊళ్లవాళ్లు నిజం చెప్పండి.

నాగావళి (రాయగడ)

అన్నా, రెండు రోజులూ అంటే నేను రాలేను. ఎందుకో చెబుతాను. నాది మిల్లులో షిఫ్టు పని. వారం వారం మారిపోతుంది. ఐపీఎల్ మ్యాచ్ రాత్రి ఏడున్నరకు మొదలై పదకొండు దాటేసరికి తేలిపోతుంది. ఇంటిల్లిపాదీ అన్నం తింటూ చూస్తాం. అదే టెస్టయితే మన దేశంలో పొద్దున్న తొమ్మిదిన్నరకు, మెల్‌బోర్న్‌లో అయితే మనకు తెల్లవారుజామున ఐదింటికి, ఇంగ్లండ్‌లో అయితే మధ్యాహ్నం మూడున్నరకు. అదీ ఐదు రోజులు! షిఫ్టువాడు, కూలివాడు, కొట్టు పెట్టుకున్నవాడు ఎప్పుడు చూడాలి? పని చేసుకునేవాడి వీలు చూసి పెట్టిన ఆట టీ20 ఒక్కటే. దాన్ని తక్కువ చేసి మాట్లాడితే నాకు కోపం వస్తుంది.

టెన్షన్ ఉండదంటారా? 2024 జూన్ 29 బార్బడోస్‌లో టీ20 ప్రపంచకప్పు ఫైనల్ గుర్తు తెచ్చుకోండి. దక్షిణాఫ్రికాకు 30 బంతుల్లో 30 పరుగులు కావాలి, చేతిలో ఆరు వికెట్లు. అక్కడి నుంచి ఏడు పరుగులతో గెలిచాం. ఆఖరి ఓవర్లో బౌండరీ మీద సూర్యకుమార్ పట్టిన క్యాచ్ చూస్తూ మా నాన్న మంచం మీద నుంచి లేచి నిలబడ్డారు. ఆయనకు క్రికెట్ నియమాలు పూర్తిగా తెలియవు. అలాంటి మనిషిని నిలబెట్టిన ఆట అది.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

నాయనా నాగావళీ, నీ మాటలో న్యాయం ఉంది. నేను రిటైరైనవాణ్ణి, తీరిక ఉంది. కానీ తీరిక లేని వయసులో కూడా నేను టెస్టే చూశాను, విన్నాను.

2001 మార్చి 14, ఆస్ట్రేలియాతో కోల్‌కతా టెస్టు నాలుగో రోజు. ఫాలో ఆన్ ఆడుతున్నాం, అంటే మొదటి ఇన్నింగ్స్‌లో బాగా వెనకబడి వెంటనే మళ్లీ బ్యాటింగ్‌కి దిగాం. పొద్దున్న మన స్కోరు 254కి నాలుగు. సాయంత్రం 589కి నాలుగు. లక్ష్మణ్, ద్రవిడ్ రోజంతా వికెట్ పడనివ్వలేదు. నేను పనిలో ఉన్నాను, ఒక సహోద్యోగి సొరుగులో చిన్న రేడియో. గంటకొకసారి ఎవరో ఒకరు వచ్చి "ఇంకా ఉన్నారా?" అని అడగడం, "ఉన్నారు" అని చెప్పడం. రోజంతా అదే ప్రశ్న, అదే జవాబు. మరునాడు హర్భజన్ పని పూర్తి చేశాడు, 171 పరుగులతో గెలిచాం. హైదరాబాద్ కుర్రాడు చేసిన 281 పరుగులు మా ఆఫీసులో ఒడియావాళ్లకీ తెలుగువాళ్లకీ సొంతమైపోయాయి.

టీ20లో సంతోషం ఒక్కసారిగా వస్తుంది. టెస్టులో మామిడి తాండ్ర పొర ఎండాక దాని మీద ఇంకో పొర పోసినట్టు వస్తుంది. నాకు ఆ రుచి అలవాటు. 2021 జనవరిలో సిడ్నీలో మన కాకినాడ కుర్రాడు విహారి తొడ కండరం పట్టేసినా 161 బంతులు ఆడి 23 పరుగులతో అజేయంగా నిలిచాడు. అవతల అశ్విన్ 128 బంతుల్లో 39. ఆ మ్యాచ్ మనం గెలవలేదు, డ్రా చేశాం. ఆ డ్రాను తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు పులకరిస్తుంది. 161 బంతులకు 23 పరుగులు చేసినవాణ్ణి చూసి గర్వపడే వీలు ఇంకే పద్ధతిలో ఉంది?

మ్యాచ్ పెట్టు వంశధారా. నేను వస్తాను, రెండు రోజులూ ఉంటాను.

ఇచ్ఛాపురం_దాటాక (ఛత్రపురం)

నేనూ వస్తా. నీడకు టెంటు వేయించండి చాలు.

జయపురం_యార్కర్

మాస్టారూ, నాకు పద్దెనిమిదేళ్లు. మా తరం గురించి ఒక మాట చెప్పాలి. టెస్టు ఐదు రోజులూ కూర్చుని చూడడం మాకు కుదరదు. కానీ చూడడం లేదని ఎవరైనా అంటే ఒప్పుకోను. లంచ్‌కి స్కోరు చూస్తాం, టీకి చూస్తాం, రాత్రి హైలైట్స్ చూస్తాం. 2024 ఫిబ్రవరిలో విశాఖ టెస్టులో బుమ్రా ఇంగ్లండ్ బ్యాటర్ ఓలీ పోప్‌కి వేసిన యార్కర్ (కాళ్ల దగ్గర పడే బంతి) మా ఫ్రెండ్స్ అందరి ఫోన్లలో ఉంది. నా పేరు పెట్టుకున్నదే దాని వల్ల. మధ్య వికెట్టూ లెగ్ వికెట్టూ ఒకేసారి ఎగిరిపోయాయి. టీ20లో అలాంటి యార్కర్‌కి ఒక వికెట్ వస్తుంది, తర్వాతి బంతికి సిక్స్ పడితే అందరూ మర్చిపోతారు. టెస్టులో ఆ ఒక్క బంతి మ్యాచ్‌ని తిప్పుతుంది. బుమ్రా ఆ ఇన్నింగ్స్‌లో 45 పరుగులకు ఆరు వికెట్లు తీశాడు.

సన్‌రైజర్స్ బెంగళూరు మీద 287 కొట్టిన రోజు కూడా నేను గంతులేశాను. ఇందులో ఒకటి ఇష్టపడితే ఇంకోటి వదిలేయాలని ఎవరు చెప్పారు? నితీశ్ కుమార్ రెడ్డిని చూడండి. విశాఖ కుర్రాడు. 2024 ఐపీఎల్‌లో వర్ధమాన ఆటగాడి అవార్డు. అదే ఏడాది డిసెంబరులో మెల్‌బోర్న్‌లో ఎనిమిదో స్థానంలో వచ్చి 114. అతను 99 దగ్గర ఉన్నప్పుడు సిరాజ్ ఆస్ట్రేలియా బౌలర్ కమిన్స్‌ని మూడు బంతులు ఆపాడు. ఒక నంబరు పదకొండు బ్యాట్స్‌మన్ మూడు బంతులు ఆపితే దేశమంతా చప్పట్లు కొట్టింది. కొడుకు ఆట కోసం ఉద్యోగం వదిలేసిన తండ్రి స్టాండ్‌లో ఏడుస్తున్నారు. టీ20 వల్ల అతను మాకు తెలిశాడు, టెస్టు వల్ల మావాడయ్యాడు.

నాగావళి (రాయగడ)

తమ్ముడూ, అది నేనూ చూశాను. కానీ నువ్వు చెప్పేదాన్ని బట్టి చూసినా నువ్వు చూసేది టెస్టు ముక్కలే. వంశధార అన్న అడిగేది మైదానానికి వచ్చి కూర్చునే జనం గురించి.

బరంపురం_పట్టు

అసలు విషయం ఇక్కడుంది. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మన ఒడిశాలో టెస్టు మ్యాచ్ కళ్లారా చూసినవాళ్లెవరు? కటక్ బారాబతి స్టేడియంలో ఇప్పటిదాకా రెండే టెస్టులు జరిగాయి. మొదటిది 1987 జనవరిలో శ్రీలంకతో. వెంగ్‌సర్కార్ 166, కపిల్‌దేవ్ 300వ టెస్టు వికెట్ అక్కడే. రెండోది 1995 నవంబరులో న్యూజిలాండ్‌తో. హిర్వాణి 59 పరుగులకు ఆరు వికెట్లు తీశాడు కానీ వాన పడి డ్రా అయింది. అంతే. ఆ తర్వాత పుట్టిన ఒడిశా పిల్లల్లో సొంత రాష్ట్రంలో టెస్టు చూసినవాడు ఒక్కడూ లేడు. వన్డేలు వచ్చాయి. 2017లో యువరాజ్ 150, ధోని 134 కొట్టారు. 2025 ఫిబ్రవరిలో రోహిత్ 119 కొట్టాడు, మధ్యలో లైట్లు ఆగిపోయి ఆట నిలిచినా జనం కదల్లేదు. టీ20లు వచ్చాయి. అప్పటి హైదరాబాద్ ఐపీఎల్ జట్టు డెక్కన్ చార్జర్స్ కూడా 2010లోనూ 2012లోనూ కటక్ వచ్చి ఆడింది, మా బరంపురం తెలుగువాళ్లు బస్సులు కట్టించుకుని వెళ్లారు. టెస్టు మాత్రం రాలేదు. రానిదాన్ని జనం ఇష్టపడడం లేదని ఎలా తేలుస్తాం? ఇంటికి రాని చుట్టం మీద ప్రేమ లేదనడం అన్యాయం.

మనకు దగ్గరలో ఉన్నది విశాఖ. అక్కడ 2016లో మొదటి టెస్టు, కోహ్లి 167, 81. 2019లో రోహిత్ మొదటిసారి టెస్టుల్లో ఓపెనర్‌గా వచ్చి రెండు ఇన్నింగ్స్‌లోనూ సెంచరీ, మయాంక్ 215. 2024లో జైస్వాల్ 209. మూడూ మనం గెలిచినవే. నేను 2019 మ్యాచ్‌కి వెళ్లాను. స్టాండ్‌లో చుట్టూ కూర్చున్నవాళ్లలో ఇచ్ఛాపురం, పలాస, రాయగడ, పార్వతీపురం వాళ్లు బోలెడంతమంది. స్కూలు పిల్లలను బస్సుల్లో తీసుకొచ్చారు. ఆఖరి రోజు షమీ బంతి నేలకు తగిలి లోపలికి దూసుకొస్తుంటే ఆ పిల్లలు ఒక్కొక్క స్టంపు లేచినప్పుడల్లా వేసిన కేకలు వినాలి. టెస్టు బోరు అని వాళ్లతో ఎవరూ చెప్పి ఉండరు, అందుకే వాళ్లకు బోరు కొట్టలేదు.

మెల్‌బోర్న్‌లో 2024 డిసెంబరు టెస్టుకి ఐదు రోజులకూ కలిపి 3,73,691 మంది వచ్చారు. అది ఆ మైదానం రికార్డు. పండగ సెలవుల్లో పెడతారు, ఏటా అదే రోజు మొదలుపెడతారు, ఊరంతా ముందే ప్లాన్ చేసుకుంటారు. మన దగ్గర ఏ టెస్టు ఏ ఊళ్లో ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. వంశధార చేస్తున్నది సరిగ్గా మెల్‌బోర్న్ పద్ధతి: పండగకు, ఏటా, ఒకే చోట. మొదటి ఏడు జనం తక్కువ రావచ్చు. మూడేళ్లు వరసగా పెట్టు, అప్పుడు మాట్లాడదాం.

కొరాపుట్_పీఈటీ

నేను హైస్కూల్లో ఆటల టీచర్ని. మీరంతా టెస్టా, టీ20నా అని వాదించుకుంటున్నారు. మా అమ్మాయిలకు ఆ ఎంపికే లేదు.

మిథాలీ రాజ్ హైదరాబాద్ నుంచి వచ్చి 2002లో ఇంగ్లండ్‌లోని టాంటన్ టెస్టులో 214 కొట్టింది. దాదాపు ఇరవై ఏళ్ల టెస్టు కెరీర్‌లో ఆమె ఆడినవి 12 టెస్టులే. ఆమెకు ఓపిక లేకనా? చూసేవాళ్లు లేకనా? పెట్టలేదు, అంతే. 2024 జూన్‌లో చెన్నై టెస్టులో షెఫాలీ 205 కొట్టింది. టీ20లో సిక్సులు కొట్టే అమ్మాయే అది. అవకాశం ఇస్తే రెండూ ఆడుతారని దానికంటే రుజువు ఏం కావాలి?

2025 నవంబరు 2న మన అమ్మాయిలు వన్డే ప్రపంచకప్పు గెలిచాక మా స్కూల్లో బంతి పట్టుకునే పిల్లల సంఖ్య పెరిగింది. కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి టోర్నీలో 14 వికెట్లు తీయడం చూసి మా దగ్గర ఎడంచేతి పిల్ల ఒకతె రోజూ స్పిన్ వేస్తోంది. ఆమెకు టెన్నిస్ బాల్ తిరగదు. నాలుగు ఓవర్ల మ్యాచ్‌లో ఒక ఓవర్ వేయిస్తారు, రెండు సిక్సులు పడగానే తీసేస్తారు. ఒక స్పిన్నర్‌కి పది, పన్నెండు ఓవర్లు వరసగా వేస్తే కదా బ్యాటర్‌ని ఎలా ఉచ్చులోకి లాగాలో తెలిసేది. మీరు పెట్టే మ్యాచ్ నాకు చూడ్డానికంటే ఎక్కువగా అందుకు కావాలి.

బల్లార్షా_కొత్తబంతి

మహారాష్ట్ర సరిహద్దు నుంచి నేను. మాది గని కార్మికుల కాలనీ, సగం ఇళ్లు తెలుగువాళ్లవే. కొరాపుట్ మేడమ్ మాటకు నా వంతు చేరుస్తున్నాను.

ఉమేశ్ యాదవ్ గురించి అందరికీ తెలిసిందే. నాగపూర్ దగ్గర బొగ్గు గని కార్మికుడి కొడుకు. చాలాకాలం ఆడింది టెన్నిస్ బాల్‌తోనే, లెదర్ బాల్ చేతికి వచ్చింది ఆలస్యంగా. అయినా 57 టెస్టులు ఆడి 170 వికెట్లు తీశాడు. మన ఊళ్ల టెన్నిస్ బాల్ టోర్నమెంట్లలో గట్టిగా విసిరే కుర్రాళ్లు ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు. వాళ్లలో ఉమేశ్‌లు ఉండొచ్చు. ఎర్రబంతి ఒక్కసారి చేతికి ఇస్తే కదా తేలేది.

ఇక జనం సంగతి. రాష్ట్రాల జట్లు ఆడే రంజీ ట్రోఫీని మా విదర్భ గెలిచే వరకు మా వైపు రంజీ అనే మాటే పెద్దగా వినపడేది కాదు. 2017-18లో, 2018-19లో, మళ్లీ 2024-25లో గెలిచాక మా టీ కొట్టు దగ్గర "ఆధిక్యం వచ్చిందా?" అని అడిగేవాళ్లు తయారయ్యారు. కేరళతో ఫైనల్లో విదర్భ 379, కేరళ 342. మ్యాచ్ డ్రా, మొదటి ఇన్నింగ్స్‌లో వచ్చిన 37 పరుగుల ఆధిక్యంతో కప్పు మనది. ఆ 37 పరుగుల కోసం మూడో రోజంతా ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు మా కాలనీవాళ్లు. సొంత జట్టు ఉంటే జనం సుదీర్ఘ ఆట కూడా చూస్తారు. అందుకని అన్నా, జట్లకు పేర్లు పెట్టేటప్పుడు ఊళ్ల పేర్లే పెట్టండి. గుణుపురానికీ పర్లాకిమిడికీ అని పెట్టండి, పులులు సింహాలు వద్దు.

సూరత్_మగ్గం (ఊరు గంజాం జిల్లా)

నేను సూరత్‌లో మరమగ్గాల మీద పనిచేస్తాను. మగ్గం చప్పుడులో కామెంటరీ వినపడదు, బంతి బంతికీ స్కోరు ఫోన్లో చూస్తుంటాం. అలా చూడ్డానికి టెస్టే బాగుంటుంది. టీ20 అయితే దారం తెగి అతికించి వచ్చేసరికి మూడు వికెట్లు పడిపోతాయి. టెస్టు అయితే మన కోసం ఆగుతుంది. సంక్రాంతికి ఊరొస్తున్నాను. మ్యాచ్ తారీఖు చెప్పండి, దాన్ని బట్టి తిరుగు టికెట్ తీసుకుంటాను.

నాగావళి (రాయగడ)

అందరూ మంచి మాటలే చెప్పారు, కానీ ఒక నిజం ఎవరూ అనడం లేదు. ఐపీఎల్ 2023 నుంచి 2027 వరకు ప్రసార హక్కులు 48,390 కోట్లకు అమ్ముడుపోయాయి. ఆ డబ్బు జనం చూస్తేనే వచ్చింది. టెస్టు ఆడేవాళ్లు తగ్గిపోతారన్న భయంతోనే కదా 2024 మార్చిలో క్రికెట్ బోర్డు ప్రత్యేక పథకం పెట్టింది? సీజన్‌లో 75 శాతానికి మించి టెస్టులు ఆడితే మ్యాచ్‌కి 15 లక్షల ఫీజు మీద ఇంకో 45 లక్షలు అదనం. ఆడేవాణ్ణే డబ్బిచ్చి నిలబెట్టుకోవాల్సి వస్తే చూసేవాణ్ణి ఏమిచ్చి నిలబెడతారు? పైగా సొంత గడ్డ మీద టెస్టుల్లో న్యూజిలాండ్ చేతిలో 3-0తో, దక్షిణాఫ్రికా చేతిలో 2-0తో ఓడాం. దక్షిణాఫ్రికా మీద కోల్‌కతాలో 124 కొట్టలేక 93కి ఆలౌట్. రోజంతా ఆడే ఓపిక మన బ్యాటర్లకే పోయింది.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

ఆ ఓటములు నన్ను రెండు రాత్రులు నిద్ర పోనివ్వలేదు నాయనా. కానీ ఆ కోల్‌కతా పిచ్ మీద మొదటి రోజు నుంచే బంతి గింగిరాలు తిరిగింది, మూడో రోజుకే మ్యాచ్ అయిపోయింది. అది ఓపిక లోపమా, పిచ్ లోపమా అన్నది వేరే చర్చ. నువ్వు చెప్పిన 45 లక్షల సంగతికి నా జవాబు ఇది: పొద్దస్తమానం ఎండలో బంతి వేసేవాడి కష్టానికి విలువ కట్టడంలో తప్పేముంది? సిరాజ్ 2025 ఇంగ్లండ్ సిరీస్‌లో ఐదు టెస్టులూ ఆడి 185.3 ఓవర్లు వేశాడు. 23 వికెట్లు. ఐపీఎల్‌లో మనిషికి నాలుగు ఓవర్లే, 185 ఓవర్లు వేయాలంటే ఎన్ని సీజన్లు కావాలో లెక్క వేసుకో.

జయపురం_యార్కర్

లెక్క వేశాను మాస్టారూ. కోటా పూర్తిగా వేసినా 46 మ్యాచ్‌లు దాటాలి. లీగ్ దశలో జట్టుకు 14 మ్యాచ్‌లే కాబట్టి మూడు సీజన్లకు పైనే. సిరాజ్ దాన్ని ఆరున్నర వారాల్లో వేశాడు!

వంశధార_ఒడ్డు (గుణుపురం)

ఇవన్నీ కమిటీలో చదివి వినిపించాను. మొత్తానికి ఒప్పుకున్నారు. ఖర్చు టోర్నమెంటు డబ్బుల నుంచి ఇవ్వరు, మేమే చూసుకోవాలి. సరే.

జట్లు గుణుపురం, పర్లాకిమిడి. బల్లార్షా అన్న చెప్పినట్టు ఊళ్ల పేర్లే. రోజుకు ఎనభై ఓవర్లు, పొద్దున్న తొమ్మిది నుంచి. నాగావళి తమ్ముడి మాట మీద ఒకటి ఆలోచించాను: ప్రతి సెషన్ (లంచ్, టీ విరామాల మధ్య ఆట) మొదలయ్యే టైము ముందే గోడల మీద రాయిస్తాం, స్కోరు గంట గంటకూ బజార్లో బోర్డు మీద పెడతాం. ఎవరికి ఏ సెషన్ కుదిరితే ఆ సెషన్‌కి వస్తారు. రెండు రోజులూ ఉండాలని ఎవరినీ అడగం.

ఒక సందేహం. రెండు రోజుల మ్యాచ్‌లో ఫాలో ఆన్ ఎన్ని పరుగులకు? టెస్టులో 200 కదా.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

రెండు రోజుల మ్యాచ్‌కి 100. ఐదు రోజులకు 200, మూడు నాలుగు రోజులకు 150, ఒక్క రోజుకైతే 75. డ్రా అయితే రంజీలో లాగా మొదటి ఇన్నింగ్స్ ఆధిక్యంతో తేల్చండి. లేకపోతే రెండో రోజు మధ్యాహ్నం తర్వాత ఎవరూ ఉండరు. అంపైర్‌గా నేను నిలబడతాను, ఇంకొకరిని చూడు.

బరంపురం_పట్టు

మీ సిమెంట్ పిచ్ మీద లెదర్ బాల్ నేరుగా వేయకండి, బౌన్స్ ప్రమాదం. పైన మ్యాటింగ్ గట్టిగా లాగి మేకులు కొట్టాలి. మా క్లబ్బు దగ్గర పాత మ్యాటు ఉంది, పంపిస్తాను. హెల్మెట్ లేకుండా ఎవరినీ బ్యాటింగ్‌కి దింపవద్దు, ఎంత బతిమాలినా సరే.

నాగావళి (రాయగడ)

ఆ వారం నాకు బి షిఫ్టు. మొదటి రోజు లంచ్ వరకు ఉండి వెళ్తాను. టీ20 మీద నా మాట మాత్రం మారదు.

కొరాపుట్_పీఈటీ

మా ఎడంచేతి స్పిన్నర్‌ని పంపిస్తే జట్టులో తీసుకుంటారా? పదో తరగతి. వాళ్ల నాన్నను నేను ఒప్పిస్తాను.

వంశధార_ఒడ్డు (గుణుపురం)

తప్పకుండా మేడమ్. గుణుపురం జట్టులో ఒక చోటు ఆ అమ్మాయికి ఉంచుతాను. కనీసం పది ఓవర్లు వేయిస్తాం, సిక్సులు పడినా తీసేయం. ప్రాక్టీసు వచ్చే ఆదివారం నుంచి, పొద్దున్న ఆరింటికి. ఎర్రబంతులు రెండు తెప్పించాను, ఎవరి దగ్గరైనా వాడిన ప్యాడ్లు ఉంటే తీసుకురండి.